మంచం పక్క మనిషికి సెలవెప్పుడు?

ప్రతి నెలా ఒకటో తారీఖున వార్డు సచివాలయ ఉద్యోగులు విశాఖపట్నంలో గాజువాకలోనో కంచరపాలెంలోనో కొన్ని ఇళ్ల తలుపులు తడతారు. పక్షవాతంతో మంచం దిగలేని మనిషికి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద 15,000 రూపాయలు అందించి వస్తారు. 2024 జూలై నుంచి అమలవుతున్న ఈ మొత్తం చిన్నదేమీ కాదు, ప్రభుత్వాన్ని మెచ్చుకోవాల్సిందే. 2025 ఆరంభంలో వైద్య బృందాలు కూడా ఇవే ఇళ్లకు వెళ్లాయి. రోగి నిజంగా మంచానికే పరిమితమయ్యాడా అని పరీక్షించి రాసుకున్నాయి. ఆ తనిఖీ అర్హత తేల్చడానికి. రోగికి స్నానం చేయిస్తున్నదెవరు, అర్ధరాత్రి లేస్తున్నదెవరు, ఆ మనిషి చివరిసారి కంటినిండా నిద్రపోయింది ఎప్పుడు అన్నవి దాని పరిధిలోకి వచ్చే ప్రశ్నలు కావు. ఇంకే శాఖ పరిధిలోకీ అవి వచ్చినట్టు కనిపించదు.

మంచాన పడ్డ మనిషిని చూసుకోవడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుసు. వీపు, పిరుదులు, మడమల దగ్గర పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలంటారు వైద్యులు. అంటే రోజుకు పన్నెండుసార్లు, అందులో సగం చీకట్లోనే. ముక్కు గొట్టం ఉంటే తల ఎత్తుగా ఉంచి జావ మెల్లగా పోయాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రం సంచి నిండకుండా చూసుకోవాలి, డైపర్ మార్చాలి, మాత్రలు పొడి చేసి ఇవ్వాలి. ఈ లోపు వంట, గ్యాస్ బండ, కరెంటు బిల్లు ఎలాగూ ఉన్నాయి. అరవై కిలోల మనిషిని ఒంటరిగా పైకి జరిపిన ఇల్లాలికి నడుం పట్టేస్తే ఆమెను చూసేవారుండరు. తన బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోవడం ఆమెకు మామూలే. బంధువుల ఇంట పెళ్లికి ఒకరు వెళ్తే ఒకరు ఉండాలి. ఉండే ఆ ఒకరు దాదాపు ఎప్పుడూ ఒకరే.

ఆ ఒకరు ఎక్కువగా ఆడమనిషే. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొంటున్నారు. వారు దానికి రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవారిలో ఆ పని చేసేది 21.4 శాతం, వెచ్చించేది 74 నిమిషాలు. పిల్లల పెంపకం కూడా ఇందులో కలిసే ఉంది. కానీ అరవై దాటిన సంరక్షకులు ఈ వయోవర్గంలోనే లేరు. విశాఖకు అసలు తలనొప్పి అక్కడే. స్టీల్‌ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డుల్లో పనిచేసి రిటైరైన దంపతులు ఈ నగరంలో ప్రతి కాలనీలోనూ ఉన్నారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. డెబ్బై దాటిన భార్యను డెబ్బై అయిదు దాటిన భర్త లేపి కూర్చోబెడుతున్న ఫ్లాట్లు ఎన్నో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో సంతాన రేటు, అంటే ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు, 1.7. రేపటి ముసలివాళ్లకు చేయందించే చేతులు ఇంకా తగ్గుతాయి.

రెస్పైట్ కేర్ అనేది ఈ చేతులకు కాస్త విశ్రాంతినిచ్చే ఏర్పాటు. శిక్షణ పొందిన మనిషి వారానికి నాలుగు గంటలు ఇంటికొచ్చి కూర్చోవడం ఒక రకం. పగటిపూట రోగిని డే సెంటర్లో ఉంచి సాయంత్రం తెచ్చుకోవడం మరో రకం. ఇంట్లో చూసుకునే మనిషికి ఆపరేషన్ పడ్డప్పుడో, కాన్పుకు కూతురి దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడో రోగిని వారం పది రోజులు పడకలున్న చోట ఉంచి మళ్లీ ఇంటికి తెచ్చుకోవడం ఇంకొకటి. వృద్ధాశ్రమంలో చేర్పించడానికీ దీనికీ పోలికే లేదు. మనిషి తిరిగి ఇంటికే వస్తాడు, చూసే మనిషి కూడా తేరుకుని అతని దగ్గరకే వస్తుంది.

అయినా నలుగురూ ఏమంటారోనన్న జంకు ఉంటుంది. ‘అమ్మను అక్కడ పడేసి ఊళ్లు తిరుగుతోంది’ అనే నోళ్లు మన దగ్గర తక్కువేం కాదు. తమాషా ఏమిటంటే, ఆ మాట అనేవాళ్లలో ఒక రాత్రి వచ్చి కాపలా ఉంటామన్నవాళ్లు అరుదు.

రోగి వైపు నుంచి చూస్తే భయానికి కారణం ఉంది. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మతి తప్పే జబ్బు) ఉన్నట్లు 2023లో వెలువడిన అంచనా చెబుతోంది. అలాంటివారికి కొత్త గది, కొత్త మొహాలు గందరగోళం పెంచుతాయి, సాయంత్రమయ్యేసరికి ఆందోళన ఎక్కువవుతుంది. అందుకే ఒక్కసారిగా వారం రోజులు పంపకూడదు. మొదట రెండు గంటలు, తర్వాత ఒక పూట, అలా అలవాటు చేయాలి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో, ఏ పక్కకు తిరిగి నిద్రపోతుందో, అన్నం ఎంత మెత్తగా కలపాలో, ఏ మందు ఏ పూటో ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం చదివే ఓపిక లేని కేంద్రానికి మనిషిని అప్పగించకూడదు.

ఇప్పుడు విశాఖలో డబ్బున్నవాళ్లకు దొరికేది సంరక్షకులను సమకూర్చే బ్యూరో పంపే ఆయా. పన్నెండు గంటలకింత, ఇరవై నాలుగు గంటలకింత అని లెక్క. ఆమెకు మనిషిని తిప్పడం, గొట్టం చూసుకోవడం ఎవరు నేర్పారో అడగరు. ఆమెకూ సెలవుండదు, పండక్కి వెళ్లిన ఆయా తిరిగి రాకపోతే ఇంటివాళ్లు మళ్లీ మొదటికి. 15,000 పింఛను అందుకునే కుటుంబానికి మందులు, డైపర్లు పోగా ఆ మాత్రం ఆయా కూడా అందని మాటే.

చట్టాల్లో చోటు లేదనడానికి వీల్లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వారికోసం ‘సమర్థ్’ పేరుతో రెస్పైట్ పథకమే ఉంది. ‘మా తర్వాత వీడి గతేమిటి’ అని కుమిలే తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని వచ్చిన చట్టం అది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 24వ సెక్షన్ తీవ్ర వైకల్యం ఉన్నవారికి సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావించింది, కాకపోతే ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అని ఒక సన్నటి ద్వారం వదిలిపెట్టింది. ఆ ద్వారంలోంచే చాలా ప్రభుత్వాలు తప్పుకుంటూ వస్తున్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 హాఫ్‌వే హోమ్‌లు, ఇంటి వద్ద పునరావాస సేవలు ఉండాలంది. చినవాల్తేరు మానసిక చికిత్సాలయం నుంచి మనిషిని ఇంటికి తీసుకెళ్లే కుటుంబాలకు ఆస్పత్రికీ ఇంటికీ మధ్య అలాంటి మెట్టు ఎంత అవసరమో ఆ గుమ్మం దగ్గర అడిగితే చెబుతారు.

దక్షిణాదిలోనే చూస్తే కేరళ 2008లోనే పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవల) విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతోంది. మంచాన ఉన్నవారిని చూసుకునే మనిషికి ‘ఆశ్వాసకిరణం’ పేరుతో నెలకు 600 రూపాయల సాయం ప్రకటించింది. సొమ్ము స్వల్పమే అయినా అది రోగికి కాక, చూసుకునే మనిషికి ఉద్దేశించింది. ఇంగ్లండ్‌లో 2014 నాటి చట్టం ప్రకారం సంరక్షకుల అవసరాలను స్థానిక సంస్థ మదింపు చేయాలి. అమెరికాలో హాస్పిస్ (జీవిత చివరి దశలో ఇచ్చే ఉపశమన) సేవల్లో ఉన్నవారి కుటుంబం ఊపిరి పీల్చుకునేందుకు రోగిని ఒక్కో విడత అయిదు రోజుల వరకు ఆస్పత్రిలాంటి చోట ఉంచే వీలును ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కల్పిస్తోంది.

మేము విశాఖకు కోరుతున్నది ఇంతకంటే భారీదేం కాదు. కింగ్ జార్జ్ ఆస్పత్రికి (కేజీహెచ్) శ్రీకాకుళం నుంచి కోరాపుట్ దాకా రోగులు వస్తారు, అక్కడ ఒక్క పడక కూడా అడగలేం. కాబట్టి హనుమంతవాక వద్ద ప్రభుత్వ ఆస్పత్రి విమ్స్‌లో కొన్ని పడకలను ముందుగా పేరు నమోదు చేసుకునే పద్ధతిలో ఈ పనికి కేటాయించవచ్చు. వారం మధ్యలో పగటిపూట ఖాళీగా ఉండే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) సామాజిక భవనాల్లో, ర్యాంపు, కింది అంతస్తులో మరుగుదొడ్డి ఉన్నవాటిని చూసి ముందు జోన్‌కొకటి చొప్పున డే సెంటర్లుగా మార్చవచ్చు. వాటికి సిబ్బందిగా ఇప్పటికే బ్యూరోల్లో పనిచేస్తున్న ఆయాలనే తీసుకుని, నర్సింగ్ కాలేజీల్లో శిక్షణ, సరైన వేతనం, వారపు సెలవు ఇవ్వాలి. భరించగలిగినవారి దగ్గర రుసుము తీసుకోవడంలో తప్పులేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఏర్పడే స్థానిక స్థాయి కమిటీకి జిల్లా కలెక్టరే అధ్యక్షుడు గనుక, సమర్థ్ కింద అర్హులైన సంస్థలను ముందుకు రమ్మని పిలవడానికి కొత్త జీవో అక్కర్లేదు.

ఏ వార్డులో ఎన్ని ఇళ్లకు ఈ అవసరముందో తెలియదనడం కూడా కుదరదు. 15,000 పింఛను జాబితా సచివాలయాల్లో ఉంది. వచ్చే ఒకటో తారీఖున అదే ఉద్యోగి పింఛను ఇచ్చాక, పక్కన నిలబడ్డ మనిషి పేరు, వయసు, ఆమెకున్న జబ్బులు, రాత్రిపూట ఇంకెవరైనా సాయం ఉంటారా అన్నవి అడిగి రాసుకొస్తే చాలు. జీవీఎంసీ బడ్జెట్ తయారయ్యేలోగా ఏ జోన్‌లో మొదటి కేంద్రం తెరవాలో ఆ లెక్కే తేలుస్తుంది.