కాల్చడానికైతే కొత్తది, దాచుకోవడానికైతే పాతది

కౌబాయ్ యాక్షన్ షూటింగ్‌లోకి కొత్తగా అడుగుపెట్టిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది లీవర్ యాక్షన్ షాట్‌గన్ (ట్రిగ్గర్ కింది లీవర్‌ను లాగి మూసి లోడ్ చేసే గుళ్ల తుపాకీ) గురించే. "అన్నా, 1887 మోడల్ ఒరిజినల్ వించెస్టర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. తీసుకోమంటావా, లేకపోతే దాని నమూనాలో కొత్తగా చేసిన రెప్లికాతో సరిపెట్టుకోమంటావా?" అంటారు. నా జవాబు మారలేదు, మారే కారణమూ కనిపించడం లేదు. నెలనెలా మ్యాచ్‌ల్లో కాల్చాలనుకుంటే రెప్లికా కొనండి. ఒరిజినల్ మీద మనసు పడితే అదీ కొనండి, కానీ దాని కాలపు వస్తువుగానే ఉంచండి. బ్యారెల్ కోయించకండి, ఛాంబర్ (షెల్ కూర్చునే చోటు) తొలిపించకండి, షాపులో దొరికే మామూలు షెల్స్ (షాట్‌గన్ తూటాలు) వేసి కాల్చకండి. రెండు కోరికలూ ఒకే తుపాకీతో తీర్చుకుందామని చూసేవాళ్ల చేతుల్లోనే మంచి మంచి పాత తుపాకులు పాడైపోతున్నాయి.

ఈ ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమాలతో అమెరికా అంతటా ఈ మ్యాచ్‌లు జరుగుతాయి. పందొమ్మిదో శతాబ్దపు పద్ధతి తుపాకులు, ఆనాటి దుస్తులు, ఎవరికి వారు పెట్టుకున్న మారుపేరు. రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్‌తో ఉక్కు టార్గెట్లను టైమర్ నడుస్తుండగా కొట్టాలి. షాట్‌గన్ల విషయంలో చాలామంది పక్కపక్కనే రెండు గొట్టాలుండే డబుల్ బ్యారెల్‌నో, 1897 నాటి పంప్ గన్‌నో (బ్యారెల్ కింది పట్టును వెనక్కీ ముందుకీ జరిపి లోడ్ చేసేది) ఎంచుకుంటారు. మూడో దారి 1887 మోడల్ లీవర్ గన్. గెలవడమే ముఖ్యమైతే మొదటి రెండూ తేలిక. మూడోదాన్ని ఎంచుకునేవాళ్లు దాని మీద ఇష్టంతోనే ఎంచుకుంటారు. నేనూ అంతే.

ఆ ఇష్టానికి తగిన చరిత్ర దానికి ఉంది. యూటాలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ దీన్ని రూపొందించాడు. షాట్‌గన్‌కు పంప్ పద్ధతే మేలని ఆయన అభిప్రాయం. కానీ న్యూ హేవెన్‌లోని వించెస్టర్ కంపెనీ అప్పటికే లీవర్ రైఫిళ్లకు పెట్టింది పేరు కాబట్టి, షాట్‌గన్‌కూ లీవరే కావాలని పట్టుబట్టింది. ఆయన చేసిచ్చాడు. పేటెంట్ 1886 ఫిబ్రవరిలో వచ్చింది, తుపాకీ మరుసటి ఏడాది మార్కెట్‌లోకి వచ్చింది. 12 గేజ్, 10 గేజ్ (గొట్టం వెడల్పు కొలతలివి, అంకె తగ్గేకొద్దీ వెడల్పు ఎక్కువ) రెండింటిలోనూ తయారైంది. 1901 దాకా తయారైనవి మొత్తం 64,855. ఆలోపే బ్రౌనింగ్ మాట నిజమైంది. ఆయనే చేసిన 1897 పంప్ గన్ తర్వాతి కాలంలో పది లక్షలకు పైగా అమ్ముడైంది. లీవర్ షాట్‌గన్ మాత్రం ఒక చిన్న పాయగానే ఆగిపోయింది. పాతకాలపు నల్లమందు (బ్లాక్ పౌడర్) స్థానంలో వచ్చిన స్మోక్‌లెస్ పౌడర్ కోసం గట్టిపరచి 1901 మోడల్ తెచ్చారు గానీ, 12 గేజ్‌లో పంప్ గన్‌కు పోటీ రాకుండా దాన్ని 10 గేజ్‌లోనే ఉంచారు. అది 1920 వరకు నడిచింది.

పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. లీవర్‌ను కిందికి లాగితే, ఛాంబర్‌ను వెనక నుంచి మూసే పెద్ద ఉక్కు బ్రీచ్ బ్లాక్ వెనక్కీ కిందికీ చక్రంలా దొర్లుతుంది. కాల్చిన షెల్ బయటికి వస్తుంది, బ్యారెల్ కింది గొట్టంలోంచి కొత్త షెల్ వెనక్కి జరుగుతుంది. లీవర్‌ను పైకి మూస్తే అది ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. హామర్ కూడా ఆ బ్లాక్‌లోనే ఇమిడి ఉంటుంది. గొట్టంలో ఐదు షెల్స్ పడతాయి, కానీ మన మ్యాచ్‌ల్లో ఒకసారికి రెండే నింపాలి. అందుకే ఎక్కువ షెల్స్ పట్టడం ఇక్కడ లెక్కలోకి రాదు. తెరిచిన రిసీవర్‌లోకి (ఈ భాగాలన్నీ ఉండే లోహపు పెట్టెలోకి) పైనుంచి రెండు షెల్స్ ఎంత సాఫీగా జారవిడవగలం అన్నదే ముఖ్యం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తుపాకీ ఏదీ, పాతదైనా కొత్తదైనా, ఆ పనిని బాగా చేయదు. షెల్‌ను ఛాంబర్‌కు అందించే లోపలి క్యారియర్ భాగాలను తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత సరిచేయించాల్సిందే. ఒరిజినలా రెప్లికానా అన్న ప్రశ్న నిజానికి ఇక్కడే తేలిపోతుంది. నూట ముప్పై ఏళ్ల నాటి భాగాలను ఆకురాయితో అరగదీయించడానికి మీ మనసు ఒప్పుకుంటుందా? నా మనసు ఒప్పుకోదు.

అంతకంటే పెద్ద సమస్య షెల్స్‌తో. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 1887 మోడల్ బ్లాక్ పౌడర్ కాలపు తుపాకీ. దాని 12 గేజ్ ఛాంబర్ పొడవు 2⅝ అంగుళాలు. ఇప్పుడు షాపుల్లో దొరికే షెల్ 2¾ అంగుళాలది. అయితే ఆ కొలత కాల్చిన తర్వాత, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. కాల్చకముందు మూతి మడతపెట్టి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి, పాత ఛాంబర్‌లో చక్కగా పట్టేస్తుంది. "పట్టింది కదా, ఇంకేం" అని ట్రిగ్గర్ నొక్కితే, విచ్చుకునే మూతికి చోటు చాలక గుళ్లు వెళ్లే దారి ఇరుకవుతుంది, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పైగా ఈనాటి 12 గేజ్ షెల్‌కు 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఒత్తిడి అనుమతిస్తారు. బ్లాక్ పౌడర్ కోసం చేసిన ఉక్కు మీద ఆ భారం వేయడం న్యాయం కాదు. ఇక కొన్ని ఒరిజినల్స్‌కు డమాస్కస్ బ్యారెల్స్ ఉంటాయి. ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికించి చేసిన గొట్టాలవి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటాయి. కానీ అతుకుల మధ్య తుప్పు పట్టినా పైకి కనిపించదు. అలాంటిది మీ దగ్గరుంటే కాల్చే ఆలోచనే పెట్టుకోకండి. 10 గేజ్ ఒరిజినల్ అయితే ఇంకో చిక్కు. దానికి 2⅞ అంగుళాల షెల్స్ కావాలి, ఇప్పటి 10 గేజ్ మాగ్నమ్ 3½ అంగుళాలది. సరైనవి కావాలంటే వెతికి ఎక్కువ ధర పెట్టాలి, లేదా సొంతంగా నింపుకోవాలి.

ఛాంబర్ తొలిపించి 2¾ చేయిస్తే సరిపోతుంది కదా అని కొందరు వాదిస్తారు. పొడవు సరిపోతుంది, నిజమే. కానీ బ్యారెల్ గోడ అక్కడే పలచబడుతుంది, ఉక్కు మాత్రం పాతదే. తొలిచిన లోహాన్ని మళ్లీ పెట్టలేం కూడా. కొత్తగా 1887 ఒరిజినల్స్ ఇక తయారు కావు. ఒక్కటి తొలిచినా, కోసినా, ఆ 64,855లో ఒకటి తగ్గినట్టే.

రెప్లికాల్లో ప్రధానంగా రెండు రకాలు. చైనాలో తయారైనవి, ఇటలీలో కియాప్పా కంపెనీ చేసేవి. 1994లో అమెరికా చాలావరకు చైనా తుపాకుల దిగుమతిని ఆపేసినా, వేటకూ ఆటకూ వాడే షాట్‌గన్లను వదిలిపెట్టింది. అలా చైనా 1887లు ఇక్కడికి చేరాయి. వాటి ఉక్కు గట్టిదే, లోపలి పనితనమే మొరటు. అంచులు గీసుకుంటాయి, లీవర్ బిగుసుగా ఉంటుంది. నేను మ్యాచ్‌ల్లో వాడేది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చైనాదే. గన్‌స్మిత్ దగ్గర నునుపు చేయించి క్యారియర్ సరిచేయించాక ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇటలీది చూడ్డానికి అందంగా ఉంటుంది, రిసీవర్ మీద రంగురంగుల కేస్ హార్డెనింగ్ మెరుపు ఉంటుంది. ధర కూడా అలాగే ఉంటుంది. నేనైతే చైనాది తక్కువకు దొరికితే కొని, మిగిలిన డబ్బు గన్‌స్మిత్‌కు ఇస్తాను. రెండింటికీ 12 గేజ్ 2¾ ఛాంబరే కాబట్టి తేలికపాటి షెల్స్ నిశ్చింతగా వాడుకోవచ్చు.

12 గేజ్ కంటే బాగా సన్నటి గొట్టం ఉండే .410 లీవర్ గన్ చాలదా అని కూడా అడుగుతుంటారు. హెన్రీ కంపెనీది ఒకటి ఉంది, మంచి తుపాకీ, పొలంలో చిన్న చిన్న పనులకు బాగుంటుంది. ఈ మ్యాచ్‌లకు మాత్రం పనికిరాదు. టెర్మినేటర్ 2 సినిమాలో హీరో ఒంటి చేత్తో తిప్పి లోడ్ చేసినట్టు చేద్దామని పొట్టి బ్యారెల్ అడిగేవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ సినిమా తుపాకీ లీవర్‌ను ప్రత్యేకంగా మార్చారు, మామూలుదాన్ని అలా తిప్పితే వేళ్లు విరుగుతాయి. షాట్‌గన్ బ్యారెల్‌ను 18 అంగుళాల కంటే తక్కువకు కోయడం 1934 నాటి ఫెడరల్ చట్టం పరిధిలోకి వస్తుంది. పాత తుపాకీ కదా అంటే కుదరదు. ఆ గేజ్ షెల్స్ ఇప్పటికీ షాపుల్లో దొరుకుతున్నాయి కాబట్టి, ఆ చట్టం పాత తుపాకులకు ఇచ్చే మినహాయింపు దీనికి వర్తించదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి మన సంఘంలో అందరికీ తెలియాల్సిన సంగతి ఒకటి. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. స్నేహితుడి తుపాకీని షూటింగ్ రేంజ్‌లో సరదాగా రెండుసార్లు కాల్చినా అది "దగ్గర పెట్టుకోవడం" కిందికే వస్తుంది. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదాన్ని, పైన చెప్పిన 1934 చట్టం కాకుండా, 1968 నాటి మరో ఫెడరల్ చట్టం "యాంటిక్" అంటుంది, ఫైర్‌ఆర్మ్ అనదు. చాలా 1887 ఒరిజినల్స్ ఆ లెక్కలోకి వస్తాయి. అది చూసుకుని వీసా మీద ఉన్న తమ్ముళ్లు ధైర్యం చేస్తుంటారు. తుపాకీ యాంటిక్ అయినా అందులో వేసే కొత్త షెల్ యాంటిక్ కాదు. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. న్యూజెర్సీ, ఇల్లినాయ్‌లలో తుపాకీ కొనడానికి ముందే అనుమతి కార్డు తీసుకోవాలి, టెక్సస్‌లో అలాంటిది లేదు. అడగాల్సింది లాయర్‌ని, వాట్సాప్ గ్రూపుని కాదు.

ఇంకో మాట. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగునే ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్‌కు దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. అమ్మానాన్నలను చూడటానికి వెళ్లి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇంట్లో కూడా తుపాకీని గన్ సేఫ్‌లో, షెల్స్‌ను వేరే తాళం కింద పెట్టండి. పండగలకు పాతికమంది పిల్లలు పరుగులు తీసే ఇళ్లు మనవి.

ఇంత చెప్పాక కూడా ఒరిజినలే కావాలంటే, సంతోషం. నాకూ అవంటే ప్రాణం. కొనేముందు స్టాక్ మెడ దగ్గర పగుళ్లున్నాయేమో చూడండి. హామర్‌ను సగంలో పట్టి ఆపే హాఫ్ కాక్ గాడి అరిగిపోలేదని నిర్ధారించుకోండి, ఎందుకంటే దీనికి వేరే సేఫ్టీ లేదు. బ్యారెల్ లోపల గుంటలు, బయట సొట్టలు ఉన్నాయేమో లైటు వేసి వెతకండి. ఛాంబర్ పొడవును గన్‌స్మిత్ చేత కొలిపించండి, ముందు యజమాని ఎవరైనా తొలిపించి ఉండవచ్చు. తెలిసినవాళ్లు పరీక్షించి సరేనంటే, సరైన పొడవు షెల్స్‌లో బ్లాక్ పౌడర్ నింపి ఎప్పుడైనా కాల్చుకోవచ్చు. ఆ తెల్లటి పొగ చూడటం కోసమైనా చేయాల్సిన పని అది. సీరియల్ నంబరు 64,856 నుంచి పైదైతే అది 1887 మోడల్ కాదు, 1901 మోడల్. వయోమింగ్ రాష్ట్రం కోడీలోని ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంలో వించెస్టర్ ఫ్యాక్టరీ రికార్డులున్నాయి. రుసుము కట్టి నంబరు పంపితే, ఆ తుపాకీ గురించి నమోదైన వివరాలు ఉత్తరంగా పంపుతారు. అందులో 30 అంగుళాల బ్యారెల్ అని ఉండి మీరు చూస్తున్నది 20 అంగుళాలే ఉంటే, ఎవరో కోసేసినట్టే లెక్క. అలాంటిదాన్ని ఒరిజినల్ ధరకు కొనకండి.