మే నెలలో తిరగండి, పది లోపల నీడకు చేరండి

బళ్లకు సెలవులు ఇచ్చారంటే తిరుపతిలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఒకటే మాట. "ఈ ఎండల్లో మన పక్క ఏముందిలే, పోతే ఊటీకి పోవాల." అదే మనిషి ఇంటికి బయటూరి చుట్టాలు వస్తే ఒక కారు మాట్లాడి, ఒక్క రోజులో అయిదు గుళ్లు చూపించి పంపిస్తాడు. ఈ రెండూ నాకు మింగుడు పడవు.

ఆ అయిదు గుళ్ల ప్రయాణమే చూడండి. తెల్లారి శ్రీకాళహస్తి, వెనక్కి వచ్చి తిరుచానూరు, మధ్యాహ్నం కాణిపాకం, సాయంత్రం వేలూరు పక్కన శ్రీపురం బంగారు గుడి, రాత్రికి మళ్లీ తిరుపతి. కాళహస్తి ఒక దిక్కు, కాణిపాకం ఇంకో దిక్కు. అన్నీ కలిపితే 300 కిలోమీటర్లు దాటుతుంది. సరిగ్గా ఒంటిగంటకు, చెప్పులు విడిచి బండల మీద నడవాల్సిన చోటికి, ముసలివాళ్లనూ పసిపిల్లలనూ తీసుకుపోయి దించుతారు. పెద్దవాళ్లు మొక్కు కాబట్టి పళ్ల బిగువున నడుస్తారు, పిల్లలు ఏడుస్తారు. సాయంత్రానికి కారులో సగంమందికి తలనొప్పి, ఒకరికి వాంతులు. దాన్ని దేవుడి దర్శనం అనడానికి నాకు మనసు ఒప్పదు. రెండు గుళ్లు చాలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నడుమ ఇల్లు.

మన వైపు వేసవిలో తిరగడం తప్పు కాదు. పది నుంచి నాలుగున్నర దాకా ఎండలో తిరగడం తప్పు. మే మొదట్లో కత్తిరి ఎండలు మొదలయ్యాక 41, 42 డిగ్రీలు మనకు మామూలే. అయినా తెల్లవారుజామున అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా ఇదే ఊరు ఇంకో ఊరులా ఉంటుంది. ఆ నాలుగున్నర గంటల్లో చూడదగ్గవి మన చుట్టూనే బోలెడున్నాయి.

గుడిమల్లం ఎంతమంది చూశారు? రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా పోవాలి. అయిదున్నరకు బయలుదేరితే ఎండ ముదిరేలోపు చూసి ఇంటికొచ్చి టిఫిన్ తినొచ్చు. గర్భగుడి మండపం కంటే పల్లంలో ఉంటుంది, లోపలికి వంగి చూడాలి. అయిదడుగుల లింగం, దాని ముందువైపు నిలువెత్తు శివుడు. కుడిచేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి ఉంటాడు, ఎడమచేతిలో చిన్న కుండ, భుజం మీద గొడ్డలి, కాళ్ల కింద మరుగుజ్జు రూపం. క్రీస్తు పూర్వం నాటిదని పండితులు చెప్పే ఇలాంటి లింగం పక్కనే పెట్టుకుని మనవాళ్లు వేసవికి చూడ్డానికి ఏమీ లేదంటే కడుపు మండుతుంది.

సాయంత్రం పూటకు చంద్రగిరి కోట. నాలుగింటికి చేరి ముందు రాజమహల్ లోపలి మ్యూజియం చూడండి. కలప లేకుండా ఇటుక, రాయి, సున్నంతో లేపిన మందపాటి గోడలు కాబట్టి ఆ వేళలోనూ లోపల కాస్త హాయి. అయిదు తర్వాత బయటికి రండి, అప్పటికి కొండ నీడ పరుచుకుంటుంది. శుక్రవారం మ్యూజియం సెలవు. ఈ ఒక్క సంగతి తెలీక గేటు దాకా వచ్చి తిరిగిపోయేవాళ్లు ఎందరో.

తలకోన సంగతి కొంచెం గట్టిగానే చెప్తాను. మే నెలలో జలపాతం కోసం పోకండి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. 270 అడుగుల పైనుంచి పడే నీళ్లు వేసవికి సన్నటి దారాలై వేలాడతాయి. ఉన్న కాసిన్ని నీళ్ల కోసం జనమంతా ఒకే గుండు మీదికి ఎక్కుతారు. పాచి పైకి ఎండినట్టు కనిపిస్తుంది, కింద తడి అలాగే ఉంటుంది. కాలు జారేది అక్కడే. నీళ్ల ఆశ వదిలి చెట్ల కోసం పోతే వేసవిలోనూ తలకోన బాగుంటుంది. చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగ మాను లావు చూస్తే చాలు. భాకరాపేట ఘాటు మలుపుల్లో మాత్రం తొందర పడొద్దు, చీకటి పడకముందే దిగిపోండి.

మదనపల్లె దగ్గరి హార్స్లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. రాత్రి అక్కడే ఉంటేనే చల్లదనం తెలుస్తుంది. పొద్దున పోయి మధ్యాహ్నం దిగొచ్చేవాళ్లకు పెట్రోలు ఖర్చే మిగిలేది.

తిరుమలకు నడిచిపోయేవాళ్లకు నా మాట ఇది. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. అసలు కష్టం గాలిగోపురం దాకానే, ఆ నిట్టనిలువు మెట్లు ఎండెక్కక ముందే అయిపోవాలి. ఆ తర్వాత చాలా దూరం చదును, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లు పట్టేస్తాయి. శ్రీవారి మెట్టు దాదాపు 2,400 మెట్లే, రెండు కిలోమీటర్ల పైచిలుకు. పొట్టిదే కానీ ఊపిరి తిప్పుకునే చదును తక్కువ. మొదటిసారి ఎక్కేవాళ్లు దూరం తక్కువని దీన్ని ఎంచుకుని సగంలో కూలబడతారు. వంద మెట్లకు ఒక నిమిషం నిలబడండి, కూర్చోవద్దు. కూర్చుంటే పిక్కలు బిగుసుకుంటాయి. నీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి, కొండ మీదికి ప్లాస్టిక్ సీసాలు రానివ్వరు. ఒకేసారి అర లీటరు తాగేసి ఎక్కితే కడుపులో పోటు వస్తుంది, గుక్కెడు గుక్కెడుగా తాగాలి. 2023లో చిరుత దాడి తర్వాత పిల్లలతో నడిచేవాళ్లకు వేళల నియమాలు పెట్టారు. ముందురోజే కనుక్కుని బయలుదేరండి. సామాను అలిపిరిలో ఇస్తే దేవస్థానం వాళ్లే డబ్బు తీసుకోకుండా పైకి చేరుస్తారు, భుజానికి సంచి తగిలించుకుని ఎక్కడం ఎందుకు? మధ్యాహ్నం మాడవీధుల్లో నడవక తప్పకపోతే తెల్ల రంగు పూసిన పట్టీ మీదే నడవండి, పక్క బండకూ దానికీ తేడా అరికాలికే తెలుస్తుంది.

కారులో పోయేవాళ్లకు ఒక్క విషయం. ఎండాకాలం టైర్లు పేలతాయని గాలి తగ్గించి పట్టించే అలవాటు మన దగ్గర ఎక్కువ. అది తలకిందులు లెక్క. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడి విచ్చుకుంటుంది, ఆ మడతకే వేడెక్కుతుంది, ఆ వేడికే పేలుతుంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె ఎంతో అంతే పట్టించండి, అదీ బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఘాటు దిగేటప్పుడు రెండో గేరులో దిగాలి. బ్రేకు తొక్కిపెట్టి దిగితే కాలిన వాసన మొదలవుతుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు.

చెన్నైకి రైల్లోనో బస్సులోనో పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లు రెండుసార్లూ కుడిపక్క సీటే తీసుకోండి. పోయేది దక్షిణానికి కాబట్టి పొద్దుటి ఎండ ఎడమవైపు, వచ్చేది ఉత్తరానికి కాబట్టి సాయంత్రం ఎండ కూడా ఎడమవైపే.

ఇక దారిలో తాగడానికి. రంగునీళ్ల సీసాలకు ఇంత డబ్బు పోసే బదులు అంబలి కాచుకోండి. పొద్దున అర గ్లాసు రాగిపిండిని ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి నానబెట్టండి. రాత్రి మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, మంట తగ్గించి, ఆ పిండినీళ్లు ధారగా పోస్తూ కలపండి. పొడిపిండి నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండ కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పది నిమిషాలకు రంగు ముదురుతుంది. తడివేలితో తాకితే అంటకపోతే ఉడికినట్టు. బాగా ఆరాక మట్టికుండలో పోసి ఉంచితే తెల్లారేసరికి లేతగా పులుస్తుంది. మజ్జిగ, ఉప్పు, తరిగిన చిన్న ఉల్లిపాయలు పొద్దున బయలుదేరేటప్పుడే కలపాలి. రాత్రే మజ్జిగ పోస్తే మే నెల వేడికి నోట్లో పెట్టుకోలేనంత పులుపు. సీసా నిండా పోసి మూత బిగించొద్దు, పులిసేది గాలి వదులుతుంది, మూత తీయగానే బట్టలంతా అంబలే.

నాలుగు రోజులు ఊరికి పోతే మేడ మీది చెట్లు ఎండిపోతాయని బాధపడేవాళ్లు నీళ్ల బక్కెట్టును ఇటుకల మీద కుండీల కంటే ఎత్తులో పెట్టి, లావుపాటి నూలుతాడు ఒక కొస నీళ్లలో, ఇంకో కొస మట్టిలో రెండంగుళాల లోతుకు దోపండి. తాడు ముందే తడిపి పెట్టాలి. నైలాన్ తాడు నీళ్లు లాగదు. ఇంట్లో ఉన్నప్పుడే రెండు రోజులు పెట్టి చూస్తే ఎన్ని నీళ్లు పడతాయో తెలిసిపోతుంది. తులసిని మాత్రం నీడకు మార్చండి.

పీలేరు, చిత్తూరు నడుమ దారిలో వచ్చేవాళ్లు దామలచెరువు దగ్గర ఆగకుండా రాకండి. మేలో బేనీషా (బంగినపల్లి) మామిడి కాలం, బెంగుళూర (తోతాపురి) కాయకు ఇంకా టైముంది. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బిన కాయ ముదిరినట్టు. ఒళ్లంతా ఒకే పసుపు తేలి, తొడిమ దగ్గర వాసన లేని పండు మందు పెట్టి మాగేసింది, వదిలేయండి. పచ్చికాయలే కొని ఇంట్లో వరిగడ్డిలో వేసుకుంటే అయిదారు రోజుల్లో ఇల్లంతా గుప్పుమంటుంది.

ఇన్ని చెప్పినా, మే నెలలో తిరుపతి వదలకూడని వారం ఒకటుంది. గంగమ్మ జాతర. చాటింపు వేశాక ఊళ్లో ఉన్నవాళ్లు జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదని పెద్దల కట్టుబాటు. ఒంటికి తెల్లటి నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం, కుంకుమతో బండ వేషం, బొగ్గుతో తోటి వేషం, ఆ తర్వాత దొర, మాతంగి, సున్నపు కుండలు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలజడ వేసుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచిపోతుంటే, వీధి వీధినా అంబలి పోస్తారు. దేశదేశాల నుంచి కెమెరాలు పట్టుకుని దీన్ని చూడ్డానికి వస్తుంటే మనం ఆ వారమే ఇంటికి తాళం వేసి కొండలకు పోతున్నాం. టికెట్లు తీసుకునే ముందు ఈ ఏడు చాటింపు ఏ రోజో గుడి దగ్గర అడగండి. ప్రయాణం ఆ తర్వాతి వారానికి పెట్టుకోండి.