గడప పన్ను

తెలుగుజాతి ఇంతవరకూ పట్టించుకోని ఒక వర్గం గురించి ఇవాళ మాట్లాడుకోవాలి. తమకన్నా ముందే తమ్ముడికో చెల్లెలికో పెళ్లయిపోయిన అక్కలూ అన్నలూ వీళ్లు. వీళ్లకి సంఘం లేదు, రిజర్వేషన్ లేదు. పెళ్లిలో ఒళ్లు హూనమయ్యేలా చాకిరీ చేసేది వీళ్లే, బంతి బంతికీ జవాబు చెప్పుకోవాల్సిందీ వీళ్లే. ప్రపంచంలో ఎవరికీ ఈ బాధ పట్టలేదనే అనుకున్నాను. మలయ్ వాళ్లు ఎప్పుడో పట్టించుకుని దీనికో రేటు కూడా కట్టారని ఈమధ్యే తెలిసింది.

నేను కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో నా పక్క సీటావిడని వాళ్లింట్లో అలోంగ్ అంటారు. అది పేరు కాదు, హోదా. మలయ్ ఇళ్లలో పెద్ద సంతానం అలోంగ్, తర్వాతిది అంగా, ఆఖరిది ఉసు. మనకి పెద్దక్క, నడిపక్క, చిన్నక్క ఉన్నట్టే. (అదే దేశంలో వీధి వడ్డీ వ్యాపారిని కూడా ఆలోంగ్ అంటారు. అది చైనీయుల వైపు నుంచి వచ్చిన మాట, దీనికీ దానికీ చుట్టరికం లేదు. అయినా గుర్తుపెట్టుకోండి.) అలోంగ్‌కి 34 ఏళ్లు, పెళ్లి కాలేదు. అంగాకి కుదిరింది. పేరాక్ రాష్ట్రంలో కౌలా కంగ్సార్ దగ్గర వాళ్ల ఊరు. "తోడు రా, నువ్వు పక్కనుంటే నన్ను తక్కువ అడుగుతారు" అంది. పరాయి దేశస్థురాలిని చూస్తే ప్రశ్నలు అటు మళ్లుతాయని ఆవిడ లెక్క.

సొంతూరికి వెళ్లడాన్ని వాళ్లు బాలిక్ కంపుంగ్ అంటారు. స్కూలు సెలవులొస్తే దేశం సగం ఊళ్లకే బయల్దేరుతుంది, పెళ్లిళ్లూ ఆ సెలవుల్లోనే పెట్టుకుంటారు. సుమారు 250 కిలోమీటర్లు, మామూలు రోజుల్లో మూడు గంటలు. మాకు ఏడు పట్టింది. ఇపో దాటాక మెనోరా సొరంగం ముందు కార్లు నిలబడిన తీరు చూసి, సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. అంతసేపూ అలోంగ్ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చుంది. ఇంటికి ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకునే మనిషి ట్రాఫిక్‌ని తిట్టదు.

చేరేసరికి రాత్రి తొమ్మిది. ఇంటి పక్క టెంటు కింద కట్టెల పొయ్యిల మీద పెద్ద పెద్ద కళాయిలు ఎక్కించి ఉన్నాయి. మగవాళ్లు తెడ్డులాంటి గరిటెలతో రెండాంగ్ తోక్ తిప్పుతున్నారు. పేరాక్ వాళ్ల గర్వమంతా అందులోనే ఉంది. కొబ్బరిపాలలో బీఫ్‌ని గంటల తరబడి వేయించి, నల్లగా, పొడిగా దింపుతారు. ఊరంతా వచ్చి ఇలా వండిపెట్టడాన్ని రేవాంగ్ అంటారు. పట్నాల్లో కేటరింగ్ వచ్చి ఇది పోతోందని అందరూ బాధపడుతుంటారు. బాధపడేవాళ్లెవరూ ఉల్లిపాయలు తరిగినవాళ్లు కాదని నా అనుమానం.

ఎందుకంటే అలోంగ్ కారు దిగగానే చేతికి అందింది మంచినీళ్లు కాదు, కత్తి. ప్లాస్టిక్ చాప మీద చిన్న ఎర్ర ఉల్లిపాయల గుట్ట. చుట్టూ పెద్దమ్మ మక్ లోంగ్, చిన్న పిన్ని మక్ సు, వరసలు నాకు అంతుపట్టని మరో ఎనిమిదిమంది. మొదటి ఉల్లిపాయ పొట్టు పూర్తిగా ఊడకముందే మక్ లోంగ్ అడిగింది. "బిలా లాగి?" నాకు లగ్గం అన్నట్టు వినబడింది. అర్థం "ఇంకెప్పుడు?" అనిట. నా చెవి పెద్దగా పొరబడలేదన్నమాట. గుట్ట తరిగేలోపు ఆ ప్రశ్న పదకొండుసార్లు పడింది. అలోంగ్ ప్రతిసారీ తల ఎత్తకుండా ఒకటే జవాబు. "ఈ ఉల్లిపాయలు అవ్వగానే." కళ్లు తుడుచుకుంటే ఉల్లిపాయల వల్లేనని అందరూ అనుకోవచ్చు, అదొక్కటే ఆ ఏర్పాటులో వసతి. ఇక నా వైపు మళ్లాల్సిన ప్రశ్నలంటారా, మళ్లాయి. నేను కూడా పెళ్లి కానిదాన్నని తెలిశాక రెండో కత్తి తెచ్చారు.

మర్నాడు నికా. పెళ్లికొడుకు అంగా వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని, ఫలానా అమ్మాయిని, మస్ కహ్విన్ (అంటే మెహర్) 101 రింగిట్‌లు రొక్కంగా ఇచ్చి స్వీకరిస్తున్నానని గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. పేరాక్‌లో ఆ 101 కట్టుబడి మొత్తం, మన నూటపదహార్లలాగా. పెళ్లికొడుకు మొదటిసారి అమ్మాయి తండ్రి పేరు దగ్గర తడబడ్డాడు. సాక్షులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని అడ్డంగా తల ఊపారు. రెండోసారి చెమట తుడుచుకుని చెప్పాడు. "సాహ్" అన్నారు, చెల్లిందని. ఆ క్షణం నుంచీ అతను సువామి, ఆమె ఇస్త్రీ. నిజంగానే భార్యాభర్తలకి వాళ్ల భాషలో మాటలవి, స్వామి, స్త్రీ. భర్తని స్వామీ అనడం మన నానమ్మలతోనే పోయిందనుకుంటే, పేరాక్ నది ఒడ్డున భద్రంగా ఉంది.

101తో అయిపోదులెండి. హంతారాన్ అని వేరే ఉంది, మగపెళ్లివారు ఇచ్చే డబ్బు. అది వేలల్లో ఉంటుంది. దానికోసం కుర్రాళ్లు బ్యాంకు లోన్లు తీసుకుంటారని అక్కడ పెద్ద గొడవ. పాపం, వెనకబడిన సమాజం. మన దగ్గర 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చేసింది కాబట్టి కట్నమనేది లేనే లేదు. ఉన్నదల్లా "మేం ఏమీ అడగలేదు, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది" మాత్రమే.

హంతారాన్‌తోపాటు కానుకల పళ్లేలు కూడా వస్తాయి, బేసి సంఖ్యలో. వాళ్లు ఐదు తెస్తే అమ్మాయివైపు ఏడు ఇస్తుంది. ఆ వరసలో చేరకుండా, విడిగా, ఒక చిన్న పళ్లెం ఉంది. అందులో మడిచిన బట్ట, ఎర్ర డబ్బాలో బంగారు ఉంగరం. పెళ్లికొడుకు తల్లి దాన్ని నేరుగా అలోంగ్ ముందు పెట్టింది. దీన్ని లంకా బెందుల్ అంటారని మక్ సు చెవిలో చెప్పింది. బెందుల్ అంటే గడప. లంకా అంటే అడుగు వెయ్యడం. అక్క గడపలో అడ్డంగా కూర్చుని ఉంది, చెల్లెలు ఆవిణ్ణి దాటి వెళ్తోంది, అందుకు అబ్బాయివైపు చెల్లించుకునే మూల్యమిది. క్షమాపణ అనండి, నష్టపరిహారం అనండి, నేను టోల్ అంటాను. హైవే మీద కడుతున్నప్పుడు గడప దగ్గర కట్టకపోవడం ఏమిటి?

మా తమ్ముడి పెళ్లి మూడేళ్ల కిందట తెనాలి దగ్గర మా ఊళ్లోనే అయింది. నాకు ముట్టింది ఒక పట్టుచీర. అదీ అందరు ఆడపడుచులకీ ఇచ్చేదే. మూడు రోజులు విడిదిలో కాఫీలు అందించాను. పీటల దగ్గర ఒకాయన నన్ను చూపించి "ఈ అమ్మాయికి కుజదోషమా?" అని మైకు ఆన్‌లో ఉండగా అడిగాడు. ఉంగరం మాట దేవుడెరుగు.

సాయంత్రం పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ పెలామిన్ మీద, అంటే అలంకరించిన పెళ్లి వేదిక మీద, కూర్చోబెట్టారు. ఒక్కరోజు రాజూ రాణీ అన్నమాట. కొంపాంగ్ డప్పులు, తళుకు కాగితాల పూలగొడుగులు, ఇంటిల్లిపాదికీ ఒకటే రంగు బట్టలు. పెద్దలు వచ్చి పసుపు బియ్యం చల్లారు. అక్షింతలే! ఇది పాత హిందూ వాసన అని కొందరు మతపెద్దలు వద్దంటారట, ఈ ఇంట్లో మాత్రం ఉంది. నేతి అన్నం పక్కన వడ్డించినదాన్ని దల్చా అన్నారు. హైదరాబాద్‌లో బగారన్నం, దాల్చా తిన్నవాడు ఆ ఆకు ముందు పరాయివాడు కాలేడు. చదివింపులు మాత్రం మనకన్నా నాగరికం. వెళ్లేటప్పుడు పెళ్లికూతురి తండ్రికి చెయ్యి కలుపుతూ అరచేతిలో కవరు జారవిడుస్తారు. మైకు లేదు, కాబట్టి కుజదోషం లేదు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే సొరంగం, మళ్లీ అవే బ్రేకు లైట్లు. అలోంగ్ ఉంగరం తీసి చూసుకుంది. ఉల్లిపాయల నీళ్లలో నానిన వేలికి పట్టలేదు, చిటికెన వేలికి తొడుక్కుంది.

"ఉసుకి కూడా సంబంధాలు చూస్తున్నారు. ఈసారి గాజులు అడుగుతాను, జత" అంది గంభీరంగా.

నాకు ఒక్కసారిగా నా హక్కులు గుర్తొచ్చాయి. తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, మూడేళ్ల బాకీ ఉన్నావు నాకు."

"ఏం బాకీ అక్కా?"

గడప, అడుగు, ఉంగరం, వడ్డీ, అన్నీ వివరంగా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"అమ్మకి ఇస్తున్నా ఉండు" అన్నాడు. ఫోన్ చేతులు మారిన చప్పుడు, తర్వాత అమ్మ గొంతు.

"ఏమే, పెళ్లికి వెళ్లావట కదా. మరి నువ్వెప్పుడు?"