553 నాటి సభ, బైబిలు, డ్రూజుల పునర్జన్మ: ఒక ప్రచారానికి ఖండన

తొలి క్రైస్తవులందరూ పునర్జన్మను నమ్మేవారనీ, క్రీ.శ. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన క్రైస్తవ బిషప్పుల సభ ఆ వాక్యాలను బైబిలు నుంచి తీసివేసిందనీ, యేసు బాప్తిస్మమిచ్చు యోహానును పూర్వ ప్రవక్త ఏలీయా అన్న మాట ఒక్కటే పొరపాటున మిగిలిపోయిందనీ, ఆ అసలు విశ్వాసాన్ని లెబనాన్, సిరియా కొండల్లోని డ్రూజులనే మతవర్గం వారు నేటికీ కాపాడుకొస్తున్నారనీ, అది మన కర్మసిద్ధాంతమేననీ, అక్కడి పిల్లలు గతజన్మ సంగతులు చెప్పడమే ఇందుకు రుజువనీ వాదించే సందేశం సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా తిరుగుతోంది. డ్రూజులు పునర్జన్మను నమ్ముతారన్న మాట నిజం. దాని చుట్టూ అల్లిన తక్కిన కథ నిలబడదు.

మొదట 553 సంగతి. జస్టినియన్ చక్రవర్తి పిలిపించిన ఆ సభ ప్రధానంగా తేల్చింది క్రీస్తు స్వభావం విషయంలో ముగ్గురు పూర్వ వేదాంతుల రచనలపై చెలరేగిన వివాదాన్ని. బైబిలు పాఠాన్ని సవరించే పని అది పెట్టుకోలేదు. ఆ సభ పేరుతో చెలామణి అవుతున్న పదిహేను శాపవాక్యాలు మూడో శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్‌కు ఆపాదించిన బోధలను ఖండించాయి. అవి సభ అధికారిక తీర్మానాల్లో భాగమా కాదా అన్న విషయంలోనే చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. పోనీ, భాగమే అనుకుందాం. వాటిలో మొదటిది తప్పుపట్టింది ఆత్మలు దేహాల్లోకి రాకముందే ఉనికిలో ఉన్నాయన్న భావనను. పుట్టుకకు ముందే ఆత్మ ఉందనడం వేరు, మరణించాక అది మళ్లీ మళ్లీ పుడుతుందనడం వేరు. పైగా మత్తయి సువార్తకు రాసిన వ్యాఖ్యానంలో ఓరిజెన్ తానే యోహాను, ఏలీయాల ప్రస్తావనను చర్చించి, ఆత్మ ఒక దేహం నుంచి మరో దేహానికి మారుతుందన్న సిద్ధాంతం దేవుని సంఘానికి పరాయిదని తోసిపుచ్చాడు. ఓరిజెన్ పునర్జన్మను బోధించాడని చెప్పుకునే ఈ ప్రచారానికి ఆయన సాక్ష్యమే ఎదురుగా ఉంది.

తొలగింపు ఆరోపణకు జవాబు ఇంకా తేలిక. సినాయి మఠంలో వెలుగుచూసిన గ్రీకు బైబిలు ప్రతి నాలుగో శతాబ్దానిది, అంటే ఆ సభకు సుమారు రెండు వందల ఏళ్ల ముందుది. దానిలోనూ పునర్జన్మ వాక్యాలు లేవు. మనుషులు ఒక్కసారే మరణిస్తారనీ, ఆ తరువాత తీర్పు ఉంటుందనీ చెప్పే హెబ్రీయుల పత్రిక వాక్యం మాత్రం ఉంది. తొలి క్రైస్తవ రచయితలైన ఐరేనియస్ రెండో శతాబ్దం చివర, టెర్టులియన్ మూడో శతాబ్దం ఆరంభంలో పునర్జన్మ వాదాన్ని ఖండిస్తూ విస్తారంగా రాశారు. ఐరేనియస్ విమర్శించిన కార్పోక్రటీయుల వంటి వర్గాలు ఆ వాదాన్ని నమ్మిన మాట వాస్తవమే, మధ్యయుగంలో దక్షిణ ఫ్రాన్సులోని కతారులూ నమ్మారు. అయితే ఈ వర్గాల నమ్మకాన్ని తొలి క్రైస్తవులందరికీ అంటగట్టడానికి ఆధారమేదీ లేదు.

ఏలీయా మాటకు వద్దాం. రాజుల రెండో గ్రంథం ప్రకారం ఏలీయా మరణించలేదు, సుడిగాలిలో ఆకాశానికి ఎక్కిపోయాడు. చావని మనిషికి పునర్జన్మ ఎలా కుదురుతుంది? లూకా సువార్త యోహాను ఏలీయా ఆత్మతోను, శక్తితోను వస్తాడని చెబుతుంది, నీవు ఏలీయావా అని అడిగినవారికి యోహాను కానని జవాబిస్తాడు, యోహాను శిరచ్ఛేదం తరువాత యేసుతో కొండమీదికి వెళ్లిన శిష్యులకు కనిపించినది కూడా ఏలీయాయే గాని యోహాను కాడు.

ఇక డ్రూజులు. వారి మతం తొలి క్రైస్తవంలోంచి రాలేదు. 1017లో కైరోలో, ఈజిప్టును పాలించిన ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం కాలంలో, ఇస్లాంలోని ఇస్మాయిలీ షియా శాఖ వాతావరణంలో హమ్జా ఇబ్న్ అలీ బోధలతో రూపుదిద్దుకుంది. 1043లో కొత్తవారిని చేర్చుకోవడం ఆగిపోయింది. యేసును వారు గౌరవిస్తారు, కానీ ఆ గౌరవం వారిని తొలి క్రైస్తవానికి వారసులను చేయదు.

శరీరం ఆత్మ తొడుక్కునే చొక్కా వంటిదని డ్రూజులు అంటారు. ఈ మాట వినగానే తెలుగు పాఠకుడికి జీర్ణవస్త్రాలను గురించిన గీతాశ్లోకం గుర్తుకు రావడం సహజం, బహుశా ఈ ప్రచారం మనకు ఇంత సులువుగా నచ్చడానికి కారణమూ అదే. కానీ పోలిక అక్కడే ఆగిపోతుంది. డ్రూజు సిద్ధాంతంలో ఆత్మ మనిషి నుంచి మనిషికే వెళుతుంది; జంతుజన్మ ఉందన్న నుసైరీల (నేటి అలవీలు, సిరియాలోని మరో మతవర్గం) వాదాన్ని ఖండిస్తూ హమ్జా ప్రత్యేకంగా ఒక లేఖ రాశాడు. మరణించిన క్షణంలోనే ఆత్మ అప్పుడే పుడుతున్న శిశువులో ప్రవేశిస్తుందనీ, డ్రూజు డ్రూజుగానే, పురుషుడు పురుషుడిగానే, స్త్రీ స్త్రీగానే పుడతారనీ వారి నమ్మకం. సంపద, పేదరికం, ఆరోగ్యం, రోగం అన్నీ అనుభవించి పరీక్షకు నిలిచాకే ఆత్మకు ఇచ్చే తీర్పు న్యాయమవుతుందన్నది దాని వెనుక తర్కం. ఆ పరంపర చివర ఉన్నది జన్మచక్రం నుంచి విడుదల కాదు, అంతిమ తీర్పు దినం. ఈ విషయంలో డ్రూజులు మనకంటే లెబనాన్‌లోని షూఫ్ కొండల్లో తమ పక్కనే నివసించే మారోనీ క్రైస్తవులకు దగ్గర.

అయినా ఆ ఇరుగుపొరుగు ఒక్కటే నమ్మరు. మారోనీలకు జీవితం ఒక్కటే, చనిపోయినవారి ఆత్మశుద్ధి కోసం ప్రార్థించవచ్చు, చివరి రోజున ఇదే దేహం మహిమతో తిరిగి లేస్తుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయమంతా ఈ పునరుత్థానం గురించే. డ్రూజులకు విడిచిన దేహంతో ఇక పని లేదు. స్వర్గనరకాలను కూడా వారు దేవునికి దగ్గర కావడం, దూరం కావడం అనే ఆత్మస్థితులుగానే అర్థం చేసుకుంటారు.

చివరిగా పిల్లల జ్ఞాపకాలు. లెబనాన్ డ్రూజు కుటుంబాల్లో ఇలాంటి కథనాలను మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ 1960ల నుంచి సేకరించిన మాట నిజం. అయితే ఆయన నమోదు చేసిన ఉదంతాల్లో ఒకరి మరణానికీ మరొకరి పుట్టుకకూ మధ్య తరచుగా నెలల ఎడం కనిపిస్తుంది, డ్రూజు సిద్ధాంతం మాత్రం క్షణమైనా ఎడం లేదంటుంది. ఆ ఖాళీని పూరించడానికి మధ్యలో గుర్తులేని మరో స్వల్పజీవితం గడిచిందని వారు చెబుతారు. ఆ కథనాలను ఎవరు ఎలా తూచినా సరే, 553లో బైబిలుకు ఏం జరిగిందో చెప్పగల ఆధారం మాత్రం వాటిలో లేదు.