ఎల్లో కిడ్ పేజీని కోసి చూపించకండి

ఎల్లో జర్నలిజం అనే మాట మన చర్చల్లో రోజూ నలుగుతుంది. ఆ పసుపు ఎక్కడిదో చెప్పేవాళ్లు ఎల్లో కిడ్ అనే పసుపు చొక్కా గుండు పిల్లాడి కార్టూన్ బొమ్మ ఒక్కటి కత్తిరించి పెట్టి, న్యూయార్క్ పత్రికల యజమానులు పులిట్జర్‌కీ హర్స్ట్‌కీ జరిగిన సర్క్యులేషన్ పోరు చెప్పి ముగించేస్తారు. ఆ పిల్లాడిని గీసిన కార్టూనిస్టు రిచర్డ్ అవుట్‌కాల్ట్ వ్యంగ్యమంతా ఆ కత్తిరింపులోనే పోతోంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

1895లో పులిట్జర్ పత్రిక న్యూయార్క్ వరల్డ్‌లో మొదలైన అతని కార్టూన్ 'హోగన్స్ ఆలీ'లో సాధారణంగా కామిక్స్‌లోలా గళ్లుండవు. ఒకటే పెద్ద బొమ్మ: ఇరుకు సందు, అద్దె కొంపలు, మేకలు, కుక్కలు, గుంపులుగా పిల్లలు. ఎల్లో కిడ్ అసలు పేరు మిక్కీ డూగన్, వాళ్లలో ఒకడు. ఆ గుండు పేలు పట్టిన పేదపిల్లల గుండు. మొదటి రంగుల పేజీలో, 1895 మే 5న, వాడి చొక్కా నీలం. పసుపు వచ్చింది 1896 జనవరి 5న.

ఆ జనవరి పేజీనే తీసుకోండి. న్యూయార్క్ ధనవంతులకు గోల్ఫ్ మోజు పట్టిన రోజులవి. ఆ ఆటను అవుట్‌కాల్ట్ సందులోకి దించి, చినిగిన బట్టల పిల్లల చేత ఆడించాడు. గొప్పింటి గుర్రాల ప్రదర్శననీ, కుక్కల ప్రదర్శననీ అలాగే పేదవాడకు తెచ్చాడు. ఎగతాళి ఎవరి మీదో తెలియాలంటే ముందు శీర్షిక చదవాలి, తర్వాత గోడల మీది రాతలు, తర్వాతి నెలల పేజీల్లోనైతే చొక్కా మీద వీధి యాసలో, తప్పుల స్పెల్లింగుతో ఉన్న మాటలు. దినపత్రిక పేజీని ఫోన్ తెరకు కుదిస్తే ఆ అక్షరాలన్నీ అలికేసినట్టయిపోతాయి. పెద్ద స్కాన్ పెట్టండి, లేదా గోడ రాతల్ని విడిగా పెద్దవి చేసి చూపించండి.

నల్లవాళ్లనూ వలసొచ్చినవాళ్లనూ వికారంగా గీసిన ముఖాలు కూడా ఆ పేజీల్లో ఉన్నాయి. అది తప్పే, దాచకండి. పిల్లాడొక్కడినే కోసి పెడితే అదీ కనబడదు.

1896 అక్టోబర్‌లో అవుట్‌కాల్ట్ హర్స్ట్ పత్రిక జర్నల్‌కు వెళ్లాడు. వరల్డ్‌లో జార్జ్ లక్స్ అదే పిల్లాడిని గీస్తూ పోయాడు. రెండు పత్రికలకూ 'ఎల్లో' ముద్ర పడింది అందుకేనంటారు. అక్టోబర్ 25న జర్నల్‌లో వచ్చిన ఫోనోగ్రాఫ్ (మాటలు వినిపించే పెట్టె) పేజీకైతే ఐదు గళ్లున్నాయి. ఇందులోనూ చివరి గడి మాత్రమే పెడుతుంటారు. అంతకుముందు గళ్లలో ఆ పెట్టె మాటలు మాటల బుడగల్లో ఉంటాయి, పిల్లాడివి చొక్కా మీద. పెట్టెలోంచి చిలక బయటపడగానే వాడు వెల్లకిలా పడతాడు, వాడి మాటా బుడగలోకి వస్తుంది. ముందు నాలుగూ చూడనివాళ్లకు ఆ బుడగ ఎందుకొచ్చిందో ఎలా తెలుస్తుంది?