బిస్కెట్లు వేయడం మాత్రం వద్దండి
పిల్లలతో క్యాంపింగ్‌కి వెళ్తే పక్షుల్ని చూపించమని మీ వ్యాసంలో రాశారు, బాగుంది. కానీ బిస్కెట్ ముక్కలు వేసి దగ్గరికి రప్పించమన్న సలహా నాకు నచ్చలేదు. మొన్న వేసవిలో వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి రిజర్వాయర్ ఒడ్డున టెంట్ వేస్తుంటే, మా నాలుగేళ్ల పాప కాస్త ముందుకు వెళ్లిందో లేదో, ఒక తీతువు పిట్ట గోలగోలగా అరుస్తూ పాప నెత్తి మీదుగా దూసుకొచ్చింది. ఏడుస్తూ వచ్చి వాళ్ల నాన్న చంక ఎక్కేసింది. ఏంటా అని చూస్తే గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో, మట్టిరంగు మీద నల్లమచ్చలతో నాలుగు గుడ్లు. అడుగు దూరంలో నిలబడినా రాళ్లే అనుకుంటాం! టెంట్ పీకి దూరంగా వేసుకున్నాక గానీ అది నోరు మూయలేదు. మా అత్తయ్యకైతే తీతువు అరిస్తే అపశకునమని ఒకటే టెన్షన్. పాప మాత్రం భయం తీరాక బైనాక్యులర్స్‌లో దాని పసుపు కాళ్లు, ఎర్ర ముక్కు చూసి "అమ్మా, అది లిప్‌స్టిక్ వేసుకుందా?" అంది.

బిస్కెట్లకు వచ్చేది ఎక్కువగా కాకులూ కుక్కలే, వాటి కళ్లకు ఈ గుడ్లూ దొరికిపోతాయి. తీతువులు ఎక్కువగా మార్చి నుంచి ఆగస్టు దాకా గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు టెంట్ మేకులు కొట్టేముందు నేలంతా ఒకసారి చూసుకోండి.