కోవెంట్రీని చర్చిల్ బలిచ్చాడన్నది నిజం కాదు

కోడ్ బ్రేకింగ్ (శత్రువుల రహస్య సంకేతాలు విప్పడం) పుస్తకాలు చదివేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరుగుతున్న కథ ఇది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్లు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరం మీద బాంబులు వేస్తారని, వాళ్లు ఎనిగ్మా అనే సంకేత యంత్రంతో పంపుకున్న సందేశాలను విప్పడం ద్వారా బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు ముందే తెలుసట. ఊరిని హెచ్చరిస్తే కోడ్ విప్పిన సంగతి బయటపడుతుందని ఊరుకున్నాడట. ఆ రాత్రి 500 మందికి పైగా చనిపోయారు. అన్ని చావులు ఒక మనిషి మీద మోపాలంటే గట్టి ఆధారం ఉండాలి. ఇక్కడ అది లేదు.

1974లో వింటర్‌బోథమ్ రాసిన 'ది అల్ట్రా సీక్రెట్'తో ఈ మాట బాగా పాకింది. బ్రిటిష్ కోడ్ విప్పే కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో విప్పిన సందేశాలను సేనాధిపతులకు చేరవేసే ఏర్పాటు నడిపినవాడే ఆయన. కానీ పుస్తకం రాసింది జ్ఞాపకం మీద, ఫైళ్లు చూసి కాదు.

"సందేశంలో కోవెంట్రీ పేరుంది" అంటారు. లేదు. అందులో ఉన్నవి 'మూన్‌లైట్ సొనాటా' అనే దాడి పేరు, 'కోర్న్' లాంటి మారుపేర్లు. కోర్న్ అంటే కోవెంట్రీ అని అప్పటికి బ్రిటిష్ వాళ్లు పోల్చుకోలేదు. పట్టుబడిన ఒక జర్మన్ వైమానికుడి మాటల్లో కోవెంట్రీ, బర్మింగ్‌హామ్ పేర్లు వచ్చిన మాట నిజమే. అయినా వాయుసేన నిఘా విభాగం లండన్, దక్షిణ ఇంగ్లండ్ వైపే మొగ్గింది. అంచనా తప్పింది, అంతే. దాన్ని కుట్ర అనడం అన్యాయం.

"చర్చిల్ తెలిసీ ఊరుకున్నాడు" అన్నదానికి ఆయన దగ్గర పనిచేసినవాళ్ల మాటలే జవాబు. ఆ సాయంత్రం కారులో లండన్ బయట ఉన్న డిచ్లీ అనే బంగళాకు బయలుదేరిన చర్చిల్, దారిలో కాగితాలు చదివి, దాడి లండన్ మీదేననుకుని వెనక్కి తిరిగాడు. ఆఫీసులోని ఆడవాళ్లను షెల్టర్‌కు పంపి, తాను వైమానిక శాఖ భవనం పైకెక్కి బాంబర్ల కోసం ఎదురుచూశాడు. కోవెంట్రీ అని తెలిసినవాడు లండన్‌లో డాబా ఎందుకు ఎక్కుతాడు?

ఇక "రహస్యం దాచాలంటే బలి తప్పదు" అనే వాదన. అదీ నిలవదు, ఎందుకంటే రహస్యం బయటపడకుండానే సమాచారాన్ని వాడుకునే మార్గాలు ఉండేవి. మధ్యధరా సముద్రంలో శత్రు ఓడల దారి విప్పిన సందేశాల వల్ల తెలిసినప్పుడు, ముందుగా ఒక నిఘా విమానాన్ని వాళ్ల కంటబడేలా పంపేవారు. దాని వల్లే దొరికిపోయామని ఓడల్లోవాళ్లు అనుకునేవారు. ఇలాంటి ముసుగు కోవెంట్రీకి అప్పటికే ఉంది. జర్మన్ బాంబర్లకు దారి చూపే రేడియో కిరణాలను బ్రిటిష్ రిసీవర్లు నేరుగా పట్టేవి కాబట్టి, హెచ్చరిక వాటి వల్లే వచ్చిందని చెప్పుకోవచ్చు.

ఆ రాత్రి బ్రిటిష్ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు కూడా. జర్మన్ విమానాశ్రయాల మీద బ్రిటిష్ బాంబర్లు దాడి చేశాయి, యుద్ధ విమానాలు వందకు పైగా సార్లు ఎగిరాయి. కిరణాలను చెడగొట్టడానికి అడ్డు శబ్దం పంపే జామర్లూ పెట్టారు. అయితే కిరణాల శబ్ద స్థాయి 2,000 హెర్ట్జ్ కాగా, జామర్లను పొరపాటున 1,500కు సెట్ చేయడంతో జర్మన్ రిసీవర్లలోని ఫిల్టర్లు ఆ అడ్డు శబ్దాన్ని తేలిగ్గా ఆపేశాయి.